మా అత్త ఎంచుకున్న నీలం

మా మేనత్త పోయింది. తమిళనాడులోని బోడినాయకనూరులో, పోయిన మంగళవారం పొద్దున, తన గదిలో. "తన గదిలో" అని కావాలనే రాస్తున్నాను. కర్మ అయినా కాకముందే ఆ గదికి క్రీము రంగు వేయించాలని ఇంట్లో మాటలు మొదలయ్యాయి మరి.

చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. ఇంట్లో నిలవ పెట్టిన ఏలక్కాయ మూటల పక్కన పడుకుంది, పురిటి మంచాల పక్కన పడుకుంది, మా అందరినీ పెంచింది. తలుపున్న గది ఒకటి తనకంటూ దక్కేసరికి జుట్టంతా తెల్లబడింది.

గోడలకు ఏ రంగు వేయాలని నాయన అడిగాడు, అదీ మాటవరసకు. అత్త రంగుల కార్డు పట్టుకుని, దాదాపు ఒకేలా ఉన్న రెండు నీలాలను పెరట్లో ఎండలో చూసింది, దీపం కింద చూసింది. నాకైతే తేడా తెలియలేదు. చివరికి ఒకదాని మీద వేలు పెట్టింది. కొట్లో సిద్ధంగా ఉందని నాయన రెండోది తెచ్చాడు.

ఒక గోడ పూర్తయ్యాక అత్త కార్డును దాని పక్కన పెట్టి చూసింది. "ఇది కాదు" అంది.

"ఆరితే అదే వస్తాదమ్మా" అన్నాడు పెయింటరు. అత్త ఆరేదాకా అక్కడే కూర్చుంది. రాలేదు.

"సుమ్మా ఉండక్కా, గమ్మునుండు. రెండూ ఒకటే. ఎవురు చూస్తారు?" అన్నాడు నాయన.

"నేను చూస్తా. ఇన్నేండ్లు సుమ్మానే ఉంటిని. చీర గూడా మీరు తెచ్చిందే కడితిని. ఇది మార్చు."

గొంతు పెంచలేదు. చాప తీసుకెళ్ళి వసారాలో పరిచింది. ఎందుకని అడిగిన చుట్టాలందరికీ, తను అడిగిన రంగు వేయలేదనే జవాబు చెప్పింది. నాయన తల పట్టుకుని, చివరికి డబ్బా మార్చి తెచ్చాడు. ఆ రోజు నాకెంత సంతోషమైందో!

అప్పుడు చాదస్తమని నవ్వినవాళ్ళే ఇప్పుడు క్రీము అంటున్నారు. అద్దెకివ్వాలంటే గది వెలుతురుగా కనబడాలట. చాదస్తం కాదండీ. ఆ ఇంట్లో ఆమెను అడిగి చేసిన పని అదొక్కటే. అది కూడా అడిగి, వినకుండా చేయబోయారు.

నిన్న పెయింటరు వచ్చాడు, అదే మనిషి. నేను గడపకు అడ్డంగా నిలబడ్డాను.

"జరుగు తల్లీ, పనికి వచ్చినాడు గదా" అన్నాడు నాయన.

"అద్దెకిచ్చేది లేదు నాయనా. ఊరికి వచ్చినప్పుడు నేనుంటా. రంగు ఇదే ఉంటాది."

నాయన వెళ్ళి వసారాలో కూర్చున్నాడు. పెయింటరు బకెట్టు కింద పెట్టి నా భుజం మీదుగా లోపలికి చూశాడు. మంచం తలవైపు, అత్త ఆనుకుని కూర్చునే చోట, నూనె అంటి గోడ నల్లబడింది.

"ఆ మరకన్నా దిద్దేసి పోదునా అమ్మా?"

"ఒద్దన్నా. అది గూడా మా అత్త వేసుకున్న రంగే. ఉండనీ."