నవల చదివి నవ్వు పోగొట్టుకున్న రోజు

నేను సినిమాలకు డబ్బింగ్ చెబుతాను. తెలుగు రాని హీరోయిన్ తెర మీద పెదాలు కదిపితే ఆ మాట నాది, ఆ నవ్వు నాది, ఆ ఏడుపూ నాదే. ఇన్నేళ్లలో ఎందరి మొగుళ్ల శవాల మీదో పడి ఏడ్చి, బయటికి రాగానే మిర్చి బజ్జీ తిన్నదాన్ని. ఒక పుస్తకం నన్ను ఏడిపిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ నవల ఇద్దరు దర్జీ ఆడవాళ్ల కథ. ఒకే కొట్టులో పక్కపక్క మిషన్ల మీద కుడుతూ ముసలివాళ్లయిపోతారు. ఒకామెకి చూపు తగ్గి సూదిలోకి దారం ఎక్కదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నామోషీ. రెండో ఆమె ఏమీ అడగదు. రోజూ సాయంత్రం ఇంటికెళ్లే ముందు, మర్నాటికి సరిపడా సూదులకు దారాలెక్కించి, స్నేహితురాలి మిషను మీదున్న గుడ్డ ఉండకి గుచ్చి వెళుతుంది. చివరికి ఆ దారాలెక్కించే ఆమే ముందు పోతుంది. దినాలయ్యాక కొట్టు తెరిస్తే, గుడ్డ ఉండకి సూదులు అలాగే ఉంటాయి, దారాలతో సహా.

ఆ పేజీ కృష్ణానగర్‌లో ఆటో ఎక్కాక చదివాను. ఫిల్మ్ నగర్ చేరేలోపు పుస్తకం ముగించేద్దామని నా ఆశ. చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గరికొచ్చేసరికి కొంగుతో ముక్కు చీదుకుంటున్నాను. ఆటో అతను అద్దంలో చూసి, "వేషం పోయిందా మేడం?" అన్నాడు.

"లేదండీ, పుస్తకం."

నమ్మలేదు. "ఈ లైన్ల గిట్లనే ఉంటది. ఫికర్ చెయ్యకుండ్రి, ఇంకోటొస్తది" అన్నాడు.

ఆరోజు నా వంతుకొచ్చిన సీనులో హీరో గేదె మీంచి బురదలో పడతాడు, హీరోయిన్ పగలబడి నవ్వాలి. మైకు ముందు నిలబడి నవ్వు మొదలుపెట్టాను. రెండు హహ్హలు బాగానే వచ్చాయి. మూడోది వెక్కిళ్లలోకి దిగింది.

అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజనీరు, "అక్కా, పడింది బురదలోనే. ప్రాణానికేం కాలేదు" అన్నాడు.

నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టినా అదే వరస. డైరెక్టరు కుర్రాడు మర్యాదస్తుడు. లోపలికొచ్చి, "ఇంట్లో అంతా బాగానే ఉందాండీ?" అని మెల్లగా అడిగాడు.

"ఇంట్లో బాగానే ఉందండీ. దర్జీ ఆవిడ పోయింది."

"అయ్యో. మీకు బాగా దగ్గరా?"

"నిన్నే పరిచయం."

ఆయన పది నిమిషాలు బ్రేక్ చెప్పి బయటికెళ్లాడు.

హీరో తల్లికి గొంతు ఇచ్చేది నా స్నేహితురాలు. రహమత్ నగర్ మనిషి. తన వంతు కోసం సోఫాలో కూర్చుని ఇదంతా చూసి, నన్ను వరండాలోకి లాక్కెళ్లి కథ చెప్పించుకుంది. మొత్తం విని, "ఇందుల నేనెవరు?" అంది.

ఆలోచించకుండా, "సూదులు గుచ్చే ఆవిడవి" అన్నాను.

"అంటే సచ్చేదాన్నా?"

"చాలా మంచిది కూడా."

"మంచిదైతే సంపుతవా? సూదులు వాడుకునేది నువ్వు, కూసోని ఏడ్సేది నువ్వు. మీదికి పోవుడు మాత్రం నేను పోవాలె. నా పిల్ల పెండ్లన్న కానియ్యవా?"

ఆ మొహంలో నిజంగానే అంత బాధ ఉంది. అది చూసి నాకు నవ్వు తన్నుకొచ్చింది. అది గమనించి ఆమె నా రెక్క పట్టుకుని, "ఆపకు, గట్లనే నవ్వు" అంటూ మైకు దాకా తోసుకెళ్లింది. టేక్ ఓకే అయింది. హీరోయిన్ నోరు మూశాక కూడా నా నవ్వు సాగిందట, అక్కడ కత్తిరించారు.

పుస్తకం ఆమె లాక్కుపోయింది. కొన్నాళ్లకి ఒక పొద్దున్నే, కళ్లు ఉబ్బి, నా గదికొచ్చింది. నవల బల్ల మీద పెట్టి, "రోజూ సూదులు గుచ్చింది సరే. అవతలామె ఏం చేసింది? ఒక్కనాడన్న చాయ్ పోసిందా?" అని నిలదీసింది.

ఎంత తలుచుకున్నా అలాంటి పేజీ గుర్తు రాలేదు. "రాసినవాళ్లు మర్చిపోయుంటారు" అన్నాను.

"నువ్వు మర్వకు" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

చాయ్ పెట్టి ఇచ్చాను. చక్కెర తక్కువైందంది.