కాలవ గట్టు మీద కుడి పక్క

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పలేను. నాది నరసరావుపేటలో టూవీలర్ మెకానిక్ షాపు. బండి స్టార్ట్ కాలేదంటే ప్లగ్గులోనో, కార్బరేటర్‌లోనో కారణం ఉండి తీరుతుంది. ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్లు నేను బతికింది ఆ నమ్మకం మీదే. మా వీధిలో పిల్లలకు జ్వరమొస్తే తాయెత్తు కట్టించేవాళ్లున్నారు. ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండని వాళ్లతో పోట్లాడేవాణ్ణి.

అందుకే ఇది రాయడానికి చాలా రోజులు వెనకాడాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు తెలియనిది తెలియదనే రాస్తాను.

మా అమ్మాయి పేరు రేష్మా. ఒక్కతే కూతురు. నాకు షుగర్ ఉందని తేలినప్పుడు డాక్టరు రోజూ పొద్దున్నే నడవమన్నాడు. ఒక్కణ్ణే వెళ్లడానికి బద్ధకమేసి, అప్పుడు ఆరో తరగతిలో ఉన్న రేష్మాను వెంటబెట్టుకుని సాగర్ కాలవ గట్టు మీదికి వెళ్లేవాణ్ణి. నేను నడుస్తుంటే అది ముందుకు పరిగెత్తి, దూరంగా చుక్కలా కనపడి, మళ్లీ వెనక్కి పరిగెత్తుకుంటూ నా దగ్గరకొచ్చేది. నేను ఇంటికొచ్చి అరుగు మీద కూలబడితే అది నీళ్ల చెంబు తెచ్చిచ్చి స్కూలుకు తయారయ్యేది. రొప్పు అనేదే ఉండేది కాదు.

స్కూల్లో పీఈటీ సారు అది గమనించి క్రాస్ కంట్రీలో పెట్టారు. అంటే గ్రౌండులో కాకుండా మట్టి దారుల్లో, పొలాల వెంబడి, ఎత్తుపల్లాల మీద పరిగెత్తే పోటీ. రేష్మాకు అదే ఇష్టం. "గ్రౌండులో గుండ్రంగా తిరగాలంటే గానుగెద్దులాగా ఉంటది అబ్బా" అనేది నాతో.

కొన్నాళ్లకు దాని వేగానికి నా నడక సరిపోలేదు. పాత మోపెడ్ ఒకటి బాగుచేసుకుని దాని వెనకాలే వెళ్లేవాణ్ణి. ఆడపిల్లను చీకటితో ఒంటరిగా ఎట్లా పంపుతాం. అది గట్టు మీద పరిగెత్తుతుంటే, నేను కాస్త వెనకగా, దాని కాళ్ల వేగానికి తగ్గట్టు బండి నడిపేవాణ్ణి.

రేష్మాకు ఒక అలవాటుండేది. అలసిపోతే పిడికిళ్లు బిగించేది. పిడికిలి బిగిస్తే భుజాలు బిగుస్తాయి, భుజాలు బిగిస్తే ఊపిరి ఆడదు అని సారు చెప్పారు. షాపులో నా చేతికి పానా ఇస్తూ పెరిగిన పిల్ల. దాని పిడికిళ్లు చూస్తే తుప్పు పట్టిన బోల్టును పానా వేసి తిప్పుతున్నట్టే ఉండేది. "పానా పడెయ్ తల్లీ!" అని వెనకనుంచి అరిచేవాణ్ణి. అది నవ్వి చేతులు వదులు చేసేది. తర్వాత తర్వాత, నేను అరవకముందే తనే "పానా పడెయ్, పానా పడెయ్" అని గొణుక్కునేది. అది మా ఇద్దరి మాట. గట్టు మీద తప్ప ఇంకెక్కడా అనుకున్నది లేదు.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, వానాకాలంలో జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. గుంటూరు తీసుకెళ్లాం. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందన్నారు. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు, వాళ్లను ఒక్క మాట అనడానికి లేదు. ఊళ్లకు ఊళ్లు దాటి పరిగెత్తినా రొప్పని పిల్ల, మంచం మీద ఒత్తిగిలడానికి రొప్పింది. నేను మందులకూ రక్తానికీ తిరుగుతుంటే, మా ఆవిడ జాన్‌బీ మంచం పక్కన కూర్చుని ఆ రొప్పు వింటూ ఉండేది. లోపలి వార్డుకు మారుస్తామని స్ట్రెచర్ తెచ్చినప్పుడు రేష్మా నా చెయ్యి పట్టుకుని, "ఒక్క నిమిషం ఆగు అబ్బా, దమ్ము తీసుకోనీ" అంది. నాతో అన్న ఆఖరి మాట అదే.

జాన్‌బీ ఏడవలేదు. ఇంట్లోంచి జనాజా లేచినప్పుడు కూడా ఏడవలేదు. వంట చేసేది, బట్టలు ఉతికేది, ఎవరైనా వస్తే టీ ఇచ్చేది. ఒక్కటే తేడా. ఆ చలికాలంలో కూడా కిటికీలు వెయ్యనిచ్చేది కాదు. గాలి ఆడాలి అనేది.

నేను మాత్రం పొద్దున్నే మోపెడ్ తీసేవాణ్ణి. గట్టు ఎక్కి, రేష్మా పరిగెత్తే వేగంతో వెళ్లేవాణ్ణి. ఎదురుగా ఎవరూ లేరు. అయినా నా చేతికి ఆ వేగం తెలుసు. అది ఆగి నీళ్లు తాగే తూము దగ్గర నేనూ ఆగేవాణ్ణి. పాలు పోసేవాళ్లు, పొలాలకు పోయేవాళ్లు చూసి తలదించుకుని వెళ్లిపోయేవాళ్లు. పిచ్చి అనుకున్నారో ఏమో. నిజంగానే పిచ్చేమో.

అట్లా ఏడాది దాటింది.

ఒకరోజు పీఈటీ సారు షాపుకొచ్చారు. ఇప్పుడు కాలేజీ పిల్లలకూ ఆయనే పరుగు నేర్పిస్తున్నారు. నకరికల్లు వైపునుంచి కోటేశ్వరి అని ఒక రైతుబిడ్డ రేష్మా చదివిన కాలేజీలోనే కొత్తగా ఇంటర్‌లో చేరిందట, ఇక్కడే హాస్టల్లో ఉంటోందట. బాగా పరిగెత్తుతుందట. జిల్లా సెలక్షన్స్ ఈసారి మన కాలవ గట్టు మీదే పెడుతున్నాం, మలుపుల దగ్గర దారి చూపించడానికి మనుషులు కావాలి అన్నారు.

"గట్టు దిగే మలుపు దగ్గర నువ్వు నిలబడు మస్తాన్ భాయ్. ఆ దారి నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

రానన్నాను. ఆయన బతిమాలలేదు. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యేసి పోయారు. రెండు రోజులు ఆలోచించి వస్తానని ఫోన్ చేశాను.

పోటీ రోజు పొగమంచు బాగా పట్టింది. ఎండ వచ్చే వేళైనా ఇరవై అడుగుల అవతల మనిషి కనపడడం లేదు. నేను నిలబడిన చోట గట్టు బాట సన్నగా ఉంటుంది. పరిగెత్తే వాళ్లకు కుడి పక్కన కాలవ, లోపలికి వాలుగా సిమెంటు చేసి ఉంటుంది. దాని మీద పాచి. మనిషి నిలబడితేనే జారిపోతాడు. ఎడమ పక్కన మిరపతోటలు. నా దగ్గరకొచ్చాక పిల్లలు ఎడమకు తిరిగి, గట్టు దిగి, తోటల మధ్య బండిబాటలోకి వెళ్లాలి. నాతోపాటు కాలేజీ బాటనీ మేడం కూడా అక్కడే నిలబడి, వచ్చే పిల్లల్ని ఫోన్‌లో వీడియో తీస్తున్నారు.

ముందు నలుగురైదుగురు ఆడపిల్లలు గుంపుగా వెళ్లారు. తర్వాత కాసేపు ఎవరూ లేరు. అప్పుడు మంచులోంచి కోటేశ్వరి వచ్చింది. అంతకుముందు ఆ పిల్లతో రెండు మాటలు కూడా మాట్లాడలేదు, స్టార్టింగ్ దగ్గర సారు చూపిస్తే చూశాను, అంతే. మొహం కందిపోయి ఉంది. భుజాలు చెవుల దాకా లేచాయి. పిడికిళ్లు బిగించి ఉన్నాయి.

ఆ పిడికిళ్లు చూడగానే నా గొంతులోకి ఆ మాట వచ్చేసింది. కానీ బయటికి రాలేదు. రేష్మా పోయాక ఆ మాట నేను ఒక్కసారి కూడా అనలేదు. షాపులో సైతం "పన్నెండో నంబరు ఇవ్వు" అంటాను గానీ పానా అనను. నోరు మూసుకుని చెయ్యి ఎడమవైపు చూపిస్తూ నిలబడ్డాను.

నాకు పది అడుగుల దూరంలో ఉండగా, ఆ పిల్ల చేతులు విచ్చుకున్నాయి. భుజాలు దిగాయి. కుడి పక్కన ఎవరికో చోటిచ్చినట్టు కాస్త ఎడమకు జరిగింది. నన్ను దాటి గట్టు దిగి, తోటల మధ్యకు వెళ్లిపోయింది. అంత అలసటలో ఉన్న పిల్ల ఉన్నట్టుండి అట్లా తేలిగ్గా ఎట్లా పరిగెత్తిందా అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

ముందు వెళ్లిన వాళ్లలో ముగ్గుర్ని దాటి సెలెక్ట్ అయింది. ఫినిషింగ్ దగ్గర గ్లూకోజు నీళ్లు తాగుతూ, నన్ను చూసి దగ్గరకొచ్చింది.

"బాబాయ్, ఆ మలుపులో నిలబడింది నువ్వే గదా? నా పక్కన పరిగెత్తిన అక్క ఏది?"

"ఏ అక్కమ్మా?"

"నా కుడి పక్కన వచ్చింది గదా. ఇంక నా వల్ల కాదు, ఆగిపోదామనుకుంటా ఉన్నా. అప్పుడొచ్చింది పక్కకి. పానా పడెయ్, పానా పడెయ్ అంటది. నా చేతిలో పానా ఎక్కడిది బాబాయ్? ఏందో ఆ మాట. నాకు నవ్వొచ్చి చేతులు వదిలేశా."

పక్కనున్న బండి పట్టుకున్నాను. మనిషి ఎట్లా ఉంది అని అడిగాను.

"మొహం చూళ్లేదు. పరిగెత్తేటప్పుడు పక్కకి చూస్తే సారు తిడతాడు. అడుగుల చప్పుడు విన్నా, మాట విన్నా. అంతే. ఏ కాలేజీనో ఏమో, థాంక్స్ చెబుదామని."

తెలీదమ్మా అన్నాను. పదహారేళ్ల పిల్లకు ఇంకేం చెప్పను.

అప్పట్నుంచీ నేను వెతకని కారణం లేదు. ఆ మాట నేనే తెలియకుండా అరిచానేమో అనుకున్నాను. మేడం దగ్గర్నుంచి వీడియో తెప్పించుకుని చూశాను. కోటేశ్వరి వస్తోంది. నేను నిలబడి ఉన్నాను. నా నోరు మూసే ఉంది. పిల్ల చేతులు విచ్చుకోవడం, పక్కకు జరగడం రెండూ కనపడుతున్నాయి. కుడి పక్కన ఎవరూ లేరు. అడుగుల చప్పుడు కూడా ఒక్కరిదే.

రేష్మా ఆ మాట కాలేజీలో ఎవరికైనా చెప్పిందేమో, అది ఈ పిల్ల చెవిన పడిందేమో. పీఈటీ సారును అడిగాను, ఎన్నడూ వినలేదన్నారు. రేష్మా స్నేహితురాలు ఒకమ్మాయి విజయవాడలో చదువుతోంది, ఫోన్ చేసి అడిగాను. తెలీదంకుల్ అంది. అయినా ఎవరో ఒకరికి చెప్పి ఉండొచ్చు, కాదనను. కానీ విన్న పిల్లయితే, చేతిలో పానా ఎక్కడిదని నన్నెందుకు అడుగుతుంది?

ఇంట్లో చెప్పాలా వద్దా అని పోటీ రోజు సాయంత్రమంతా తన్నుకులాడాను. చివరికి చెప్పాను. జాన్‌బీ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆపకుండా మొత్తం విన్నది. ఎవరు, ఏంది, నిజమేనా అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అంతా అయ్యాక తలెత్తి, "ఆయాసపడతా ఉందా అని అడిగావా?" అంది.

అడగలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

మర్నాడు సాయంత్రం తనే బురఖా వేసుకుని బయటికొచ్చి, ఆ పిల్ల దగ్గరకు తీసుకెళ్లమంది. కోటేశ్వరి కాలేజీ గ్రౌండులో కూర్చుని పిక్కలు రుద్దుకుంటోంది. జాన్‌బీ వెళ్లి తన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అమ్మాయ్, నిన్న నీ పక్కన పరిగెత్తిన పిల్ల... ఊపిరి తీసుకోడానికి ఏమన్నా ఇబ్బంది పడతా ఉందా?"

కోటేశ్వరి నవ్వలేదు, ఎందుకని అడగలేదు. కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంది.

"లేదు పిన్నీ. అసలు ఆయాసమే లేదు. నేనే చానా రొప్పుతా ఉన్నా. ఆ అక్కయితే ఇంట్లో కూర్చుని మాట్లాడినట్టు మాట్లాడింది."

జాన్‌బీ ఆ పిల్ల తల నిమిరింది. లేచి నాలుగడుగులు వేసి, గ్రౌండు గోడ దగ్గర నేల మీద కూలబడింది. అప్పుడు ఏడ్చింది. ఆస్పత్రిలో ఏడవాల్సింది, జనాజా రోజు ఏడవాల్సింది, ఏడాది పొడుగునా ఏడవాల్సింది అంతా ఏడ్చింది. గ్రౌండులో ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపి చూశారు. కోటేశ్వరి భయపడిపోయి, "నేనేమన్నా తప్పు మాట్లాడానా బాబాయ్?" అని నా చెయ్యి పట్టుకుంది. లేదమ్మా, లేదు అని మాత్రం అనగలిగాను.

కోటేశ్వరి ఇప్పుడు రాష్ట్ర పోటీలకు తయారవుతోంది. వాళ్ల నాన్న వచ్చి అడిగితే, పొద్దునపూట తన వెనకాల మోపెడ్ మీద వెళ్లడానికి ఒప్పుకున్నాను. ఆ అక్క మళ్లీ రాలేదట. ఆ అక్క ఎవరో కాలేజీలో ఎవరైనా ఈ పాటికి చెప్పే ఉంటారు. తనూ ఆ ఊసెత్తదు, నేనూ ఎత్తను.

ఆ రోజు ఏం జరిగిందో నాకు తెలియదు. కారణం ఉండే ఉంటుంది, నాకు దొరకలేదు. జాన్‌బీకి కారణంతో పని లేదు. తనకు కావాల్సిన జవాబు తనకు దొరికింది.

ఒక్క విషయం మాత్రం నన్ను తినేస్తోంది. ఆ మలుపులో నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ముక్కూ మొహం తెలియని పిల్లకు వినపడింది. కన్నతండ్రిని, నాకు వినపడలేదు. కొన్ని రోజులు కోటేశ్వరిని ముందుకు పోనిచ్చి, గట్టు మీద బండి ఇంజను ఆపేసి నిలబడతాను. ఆ పిల్ల అడుగుల చప్పుడు దూరమై, దూరమై, ఆగిపోతుంది. ఆ తర్వాత కాలవలో నీళ్ల చప్పుడే. అయినా కాసేపు అట్లాగే నిలబడతాను.