పక్క సీటు బలికోవా

బలికోవాకి నచ్చిన వేగమంటూ ఈ భూమ్మీద ఏదీ లేదు. ఏదైనా సరే, మొదట్లో మరీ ఉరుకుతుంది, మధ్యలో మరీ ఈడుస్తుంది. ఆ మాట ఎదుటివాడి మొహమ్మీద చెప్పకపోతే ఆయనకి తిండి సయించదు.

ఉగాండాలో జింజా అనే పట్నంలో సగం మందికి డ్రైవింగు నేర్పింది ఆయనే. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని తన వైపు బ్రేకు తొక్కిన కుడికాలు, పని మానేశాక కూడా ఊరుకోలేదు. చర్చిలో పాస్టరు గబగబా ప్రార్థన లాగించేస్తుంటే ఆ కాలు బెంచీ కింద నేలని తొక్కేది. ప్రసంగం సాగితే చెయ్యి గాల్లో "పద, పద" అని తిరిగేది. ఒక పెళ్ళిలో వరుడి మేనమామ మాట్లాడుతుంటే లేచి నిలబడి, "మొదలు బాగుంది. చివర కూడా బాగానే ఉంటుంది. ఆ మధ్యది తీసెయ్యి నాయనా" అన్నాడు. మేనమామ ఇప్పటికీ పలకడు. పెళ్ళికూతురు మాత్రం ఎదురైతే దండం పెడుతుంది.

అలాంటి మనిషి వచ్చి నంగోబి నెత్తిన పడ్డాడు.

నంగోబి ఒక చపాతీ కొట్టు పైగదిలో ఒంటరిగా కూర్చుని, ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేసింది. ఆడేవాళ్ళు చెయ్యాల్సింది పెద్దగా ఏమీ లేదు. వేలితో తడితే సరస్సులో చేప పడుతుంది. చేపలమ్మి పడవ కొనాలి, పడవలమ్మి ఐసు ఫ్యాక్టరీ కట్టాలి. ఫోను పక్కన పడేసి నిద్రపోయినా పడవలు వేటాడుతూనే ఉంటాయి. అంతా అయ్యాక మొత్తం వదిలేసి, ముందుకంటే కాస్త ఎక్కువ బలంతో మళ్ళీ మొదలు.

ఆట పట్నంలోకి వదిలిన కొన్నాళ్ళకే బలికోవా మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మాయ్, ఈ చేపల ఆట నీదేనా?"

"అవును జాజా. బాగుందా?" తాత వయసువాడు కదా అని మర్యాదగా అడిగింది. అదే ఆమె చేసిన పొరపాటు.

"బాగుండటమా! టీ చల్లారేలోగా పదో పడవ వచ్చేస్తే దానికి విలువేముంటుంది? ఆ తర్వాత ఐసు ఫ్యాక్టరీ కోసం కాచుకుని కాచుకుని జుట్టు నెరుస్తోంది!"

"నీ జుట్టు ముందే నెరిసింది జాజా."

"మాట మార్చకు!"

ఆ వారం ఆమె ఫ్యాక్టరీని దగ్గరికి జరిపింది. మళ్ళీ వచ్చాడు. "ఇప్పుడు మరీ పరుగు! బ్రేకు లేదా నీ ఆటకి?" ఇంకోసారి వచ్చి, "మళ్ళీ మొదలుపెడితే మొదటి పడవని ఎందుకు లాక్కుంటావు? పేరు పెట్టుకున్న పడవ అది!" అని గదంతా దద్దరిల్లేలా అరిచాడు. కింద చపాతీలు వేసేవాడు పెనం వదిలేసి పైకి పరిగెత్తుకొచ్చాడు.

నంగోబికి ఒళ్ళు మండేది. ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని ఆట ఆడి చూసుకునేది. ప్రతిసారీ ముసలాయన చెప్పిందే నిజమయ్యేది. దాంతో ఒళ్ళు ఇంకా మండేది.

ఇలా ఉండగా కంపాలా నుంచి సెబులిబా అనే ఆయన వచ్చాడు. ఆటని దేశమంతా పంచుతామన్నాడు. నంగోబి ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. ఒకటే షరతు.

"ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆటని రోజంతా ఆపెయ్యాలి. విసుగొచ్చినవాళ్ళు ప్రకటన చూస్తారు. చూస్తే ముందుకు వదులుదాం."

ఎవరూ పిలవకుండానే వచ్చి కిటికీ దగ్గర కూర్చున్న బలికోవా కాలు నేలని దబదబా తొక్కింది.

"దారికడ్డంగా దుంగ పడేసేది మీరే, తియ్యడానికి కూలి అడిగేదీ మీరేనా?"

"పెద్దాయనా, మీరెవరు?"

"ఆడేవాళ్ళ మనిషిని."

"విసుగొస్తే ఆట మానేసి లేచి వెళ్ళొచ్చు కదా!"

"లేచి వెళ్ళగలిగినవాళ్ళకి చెప్పు ఆ మాట!"

ఆ అరుపులో రోజూ ఉండే వెటకారం లేదు. నంగోబి ఆయన వంక చూసింది. తర్వాత సెబులిబా వైపు తిరిగింది.

"ఆపను. నా ఆటలో ఎవర్నీ అడ్డంగా ఆపను."

"అయితే జీవితాంతం ఈ పైగదిలోనే ఉంటావు."

"ఉంటాను. కింద చపాతీలు బాగుంటాయి."

సెబులిబా వెళ్ళిపోయాడు. నంగోబికి నవ్వొచ్చింది. "జాజా, ఈసారి మార్పులు ముందు నీ ఫోన్లోనే వేస్తాను, ఇటివ్వు."

బలికోవా నసిగాడు, దగ్గాడు, చివరికి జేబులోంచి రబ్బరు బ్యాండు చుట్టిన బటన్ల ఫోను తీశాడు.

"ఇందులో ఆట ఎలా ఆడావు?"

"ఎవరాడారు?"

"నా ఆట ఒక్కసారి కూడా ఆడకుండానే ఇన్నాళ్ళూ నన్ను తిట్టావా!"

"అరవకు. చెప్పులేసుకుని నాతో రా."

ఆయన ఆమెని తీసుకెళ్ళింది ఆసుపత్రిలో ఎముకలు విరిగినవాళ్ళ వార్డుకి. వరసగా మంచాలు, పైకి వేలాడగట్టిన కాళ్ళు. సగం మంది ఆయన దగ్గర డ్రైవింగు నేర్చుకున్నవాళ్ళే. మొదట్లో ఆయన అక్కడికి వచ్చింది వాళ్ళని తిట్టడానికేనట. కదల్లేని మనుషులు కళ్ళప్పగించి గోడల్ని చూస్తుంటే తిట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు చాలా మంది చేతుల్లోని ఫోన్లలో చేపలు పడుతున్నాయి.

"మాస్టారూ!" బోడా, అంటే బైకు ట్యాక్సీ, నడిపే కిరుండా అనే కుర్రాడు తల ఎత్తి కేకేశాడు. "ఐసు ఫ్యాక్టరీ సంగతి గట్టిగా అడిగారా? అది తయారుచేసేవాళ్ళు నిద్రపోతున్నారా ఏంటి?"

"నోర్ముయ్! ఆ పిల్ల ఒక్కత్తే కూర్చుని చేస్తోంది, తెలుసా? బండికి బ్రేకెక్కడుందో గుర్తులేని నీకు ఫ్యాక్టరీ తొందరా?"

నంగోబి ఆయన చొక్కా పట్టుకుని పక్కకి లాగింది. "ఇవన్నీ వీళ్ళ మాటలేనని ముందే చెప్పొచ్చుగా జాజా?"

"చెబితే జాలిపడేదానివి. వీళ్ళకి జాలి చాలానే దొరుకుతోంది. కావాల్సింది మంచి ఆట."

ఆమె కిరుండా మంచం అంచున కూర్చుని, వాడి వేలు ఎక్కడ ఆగుతోందో చూడటం మొదలెట్టింది. నర్సు వచ్చి బయటికి పంపేదాకా లేవలేదు.

గేటు దగ్గర అంది: "నా దగ్గర పాత ఫోనొకటి ఉంది జాజా. తీసుకో, నువ్వూ ఆడు."

"వద్దు."

"ఏం?"

"ఆడితే నచ్చేస్తుంది. అప్పుడు నీతో పోట్లాడేదెవరు?"