ఖాలా వేలిముద్ర

జులై సగం దాటిందంటే లాల్‌దర్వాజాలోని నా ఆఫీసులో కూర్చోవడానికి చోటుండదు. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోవద్దు. అద్దె ఇంటి ముందు గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడ వారగా ఒక బెంచీ. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులకు గడువు నెలాఖరు కాబట్టి బస్ డిపో మెకానిక్కులు, ఆస్పత్రి నర్సులు, చిన్న దుకాణాల వాళ్లు అందరూ ఆ రెండు వారాల్లోనే వస్తారు. ఒకరి ఆధార్‌కు ఫోను నంబరు కలిసి ఉండదు. ఇంకొకరికి అన్నీ ఉంటాయి గానీ ఓటీపీ వచ్చే ఫోను భార్య దగ్గర ఉంటుంది, ఆమె సంతోష్‌నగర్‌లో అక్క వాళ్లింట్లో ఉంటుంది. అన్నీ కుదిరిన నిమిషంలో సైటు నిలిచిపోతుంది.

నేను సీఏను కాను. బీకాం చదివి, ఒక ఆడిటరుగారి దగ్గర పదకొండేళ్లు పనిచేసి, ఆ తర్వాత సొంతంగా బోర్డు పెట్టుకున్నాను. అయినా గల్లీలో అందరికీ నేను ఆడిటర్ మేడంనే. మొదట్లో ఆ పిలుపును సరిదిద్దేదాన్ని. తర్వాత మానేశాను.

అలాంటి జులైలో ఒక పొద్దున ఉప్పుగూడ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. స్టేషను దగ్గర పరుపులు, బొంతలు కుట్టే దుకాణం ఆమెది. భర్త ఉన్నప్పుడు ఆయన దూది ఏకేవాడు, ఈమె కుట్టేది. ఆయన పోయాక రెండు పనులూ ఆమే చేస్తోంది. చుట్టుపక్కల అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తారు. మా ఇంట్లో పరుపు కూడా ఆమె కుట్టిందే. బెంచీ మీద జాగా ఉన్నా కూర్చోకుండా, కొంగులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టింది.

"బేటీ, గిది కరెంటు బిల్లు కాదంట. పక్కింటి పోరి సదివి, ఆడిటర్ మేడం దగ్గరికి పో అన్నది."

అది ఆదాయపు పన్ను నోటీసు. ఆమె పాన్ నంబరు మీద ఒక ఇనుప తుక్కు వ్యాపారం నడుస్తోందని, ఒక్క ఏడాదిలో నాలుగు కోట్ల అమ్మకాలు జరిగాయని, రిటర్ను మాత్రం వేయలేదని, ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పాలని దాని సారాంశం. జవాబివ్వడానికి ఆరు రోజులు మిగిలి ఉన్నాయి. కాగితం వచ్చి చాలా రోజులైందట. బియ్యం డబ్బా కింద పెట్టి మరిచిపోయిందట.

నేను చదివి చెప్పింది ఆమె నిదానంగా విన్నది. తర్వాత అడిగింది.

"నాలుగు కోట్లంటే ఎన్ని పరుపులు బేటీ?"

బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. నిజంగానే లెక్క తెలుసుకోవాలని అడిగింది.

"నువ్వు పుట్టినప్పటి నుంచి కుట్టినా అన్ని కావు ఖాలా. నీ కాగితాలు ఎవరికన్న ఇచ్చినవా?"

కాసేపు ఆలోచించి చెప్పింది. రెండేళ్ల కింద వాళ్ల బస్తీకి ఒకతను వచ్చాడు. చిన్న దుకాణాలకు లోను ఇప్పిస్తానన్నాడు. "ఆధార్, పాన్ జిరాక్సులు తీస్కున్నడు. ఆధార్‌కు ఫోను కలపాలె అని సెంటరుకు గూడ తోల్కపోయిండు. లోనూ రాలే, ఆయనా రాలే. నేను గుడ మర్చిపోయిన."

పోర్టల్ తెరిచి చూస్తే అంతా అర్థమైంది. ఆమె పాన్ మీద ఎవరో ఎప్పుడో ఖాతా తెరిచారు. దానికి పెట్టిన ఫోను నంబరు ఆమెది కాదు. ఆధార్‌కు కలిపిన నంబరు కూడా ఆమెది కాదు. అంటే ఆమె పేరు మీద వచ్చిన నోటీసుకు ఆమె జవాబు ఇచ్చుకోలేదు. ఓటీపీ వెళ్లేది ఆ దొంగకే.

నిజం చెప్పాలంటే, అప్పుడు తప్పించుకోవాలని చూశాను. రిటర్నులు వేయడం ఒక పని, ఇలాంటి నోటీసు ఎదుర్కోవడం వేరే పని. మా పాత ఆడిటరుగారికి ఫోను చేశాను. ఆయన మంచివాడే, కానీ ఆ నెలలో ఆయనకూ ఊపిరి సలపదు. "ఆగస్టులో చూద్దాం" అన్నారు. ఆగస్టుకు గడువు దాటిపోతుంది. జవాబు లేకపోతే ఆ నాలుగు కోట్లు ఆమెవేనని రాసుకుంటారు. ఫోను పెట్టేసి తిరిగి చూస్తే ఖాలా బెంచీ చివర్న కూర్చుని, పక్కన ఉన్న నర్సు సంచీకి ఊడిన పట్టీని కుడుతోంది. సూది దారం ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటాయి.

"రేపు పొద్దున ఎనిమిదింటికి ఆధార్ సెంటరుకు పోదాం ఖాలా" అన్నాను.

సెంటరులో ఆమె వేళ్లను యంత్రం గుర్తించలేదు. ఏళ్ల తరబడి సూది పట్టి, దూది లాగి, వేలి గీతలు అరిగిపోయాయి. ఆపరేటరు తడిబట్టతో తుడిపించాడు, గట్టిగా నొక్కించాడు, పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించాడు. క్యూలో వెనకవాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

"వేళ్లు వద్దు బేటా, కండ్లు చూడు. పోయినసారి గట్లనే చేసిన్రు" అన్నది ఖాలా, ఆపరేటరు కుర్చీలో కూర్చున్నది తనే అన్నంత ధీమాగా.

కళ్లతో పని జరిగింది. కానీ కొత్త నంబరు ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. అంతదాకా ఆగలేం. మధ్యాహ్నమే ఒక అర్జీ రాసుకుని ఇద్దరం ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసుకు వెళ్లాం. అధికారిణి అర్జీ రెండుసార్లు చదివింది. ఆన్‌లైనులో జవాబు ఎందుకు పెట్టలేకపోతున్నామో వివరించాను. ఆమె రెండు వారాల గడువిచ్చి ఒక మాట చెప్పింది.

"నాకు కనిపించేది జీఎస్టీ రికార్డు. ఆ ఫర్మ్ ఈమెది కాదని అక్కడ తేలితే, నేను ఇక్కడ వదిలేయగలను. అది తేల్చుకుని రండి."

ఆ రెండు పూటల్లో ఆఫీసు మూసి ఉన్నందుకు నాకు ముగ్గురు పాత క్లయింట్లు పోయారు. అందులో ఒకాయన నాలుగేళ్లుగా నా దగ్గరే రిటర్ను వేయించుకుంటున్నాడు. "సీజన్లో తాళం వేస్తే ఎట్ల మేడం" అని కాగితాలు తీసుకుని వెళ్లిపోయాడు. తప్పు ఆయనది కాదు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు.

దొంగ ఫర్మ్ అడ్రసు ఊరికి ఇంకో చివర, శివార్లలో ఒక రేకుల షెడ్డు. ముందు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ ప్రాంతం చూసే జీఎస్టీ ఆఫీసుకు వెళ్లాం. రెండు బస్సులు మారాం. ఖాలా దారంతా కిటికీలోంచి పరుపుల దుకాణాలను చూస్తూ, ఎవరు నాసిరకం దూది నింపుతున్నారో నాకు చెప్పింది. భయపడుతోందా అని ఒకసారి అడిగాను.

"భయమేంది బేటీ. తప్పు చేసినోడు ఎక్కడ్నో నిద్రపోతున్నడు. నేనెందుకు భయపడాలె?"

భయమంతా నాకే ఉందని అప్పుడు తెలిసింది.

జీఎస్టీ అధికారి రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మేము చెప్పింది విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అందరూ ఇదే చెప్తరమ్మా. పేరు అరువిచ్చి, కమీషన్ వచ్చినన్ని రోజులు సప్పుడు చెయ్యరు. నోటీసు రాంగనే మాకేం తెల్వదంటరు."

ఆయన మాటలో అబద్ధం లేదు. అలాంటివాళ్లను నేనూ చూశాను. నేను వాదించలేదు.

"సార్, ఈ ఫర్మ్ రిజిస్ట్రేషన్‌కు పెట్టిన కాగితాలు ఒక్కసారి తెరవండి. చూసినంక మీరేం చెప్తే అది వింట."

ఆయన విసుగ్గానే తెరిచాడు. ఆధార్, పాన్, కరెంటు బిల్లు, చివరికి షెడ్డు అద్దె ఒప్పందం. ఆఖరి పేజీలో ఖాలా పేరు మీద సంతకం ఉంది. ఇంగ్లీషులో, అక్షరాలు ఒకదాన్నొకటి అల్లుకుంటూ, కింద వంకర గీతతో ఉన్న సంతకం. బ్యాంకు మేనేజరు పెట్టే సంతకంలా ఉంది.

నేను ఖాలా పాన్ కార్డు తీసి ఆయన ముందు పెట్టాను. సంతకం ఉండాల్సిన చోట నల్లటి వేలిముద్ర ఉంది.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. కార్డు చూశాడు, తెర చూశాడు. ఒక తెల్లకాగితం, పెన్ను ఖాలా వైపు జరిపాడు.

"అమ్మా, నీ పేరు రాయి."

ఖాలా పెన్నును సూది పట్టినట్టు రెండు వేళ్ల మధ్య నిలువుగా పట్టుకుంది. కాగితం మీద ఒక చుక్క పెట్టింది. అక్కడే ఆగింది.

"రాయొస్తే నా పేరే రాద్దును సార్. నేర్పినోళ్లు లేకపాయె. బొంత మీద పువ్వులు కుట్టమంటే కుడత."

పక్క టేబులు క్లర్కు కూడా పని ఆపి చూస్తున్నాడు. అధికారి ఆ ఒప్పందం పేజీని ప్రింటు తీయించాడు. పాన్ కార్డు నకలును దాని పక్కన పిన్ను చేయించాడు. "స్టేట్‌మెంట్ రాయించండి. షెడ్డుకు మనిషిని పంపిస్త" అన్నాడు. ఈసారి ఖాలాకు కుర్చీ చూపించాడు.

స్టేట్‌మెంటు కింద వేలిముద్ర వేసేటప్పుడు ఆమె ఎంత శ్రద్ధగా వేసిందో ఇప్పటికీ కళ్లముందు ఉంది. ఇంకుప్యాడు మీద బొటనవేలిని అటూ ఇటూ దొర్లించి, కాగితం మీద నిలిపి, ఊపిరి బిగబట్టి తీసింది. అరిగిన గీతలే అయినా, ముద్ర నిండుగా పడింది.

షెడ్డులో తుక్కూ లేదు, త్రాసూ లేదు. కోళ్ల దాణా బస్తాలు ఉన్నాయని, ఖాలా పేరు అక్కడ ఎవరూ వినలేదని తనిఖీ రిపోర్టు వచ్చింది. ఆ రిజిస్ట్రేషనును మొదటి రోజు నుంచే రద్దు చేశారు. ఈలోగా కొత్త నంబరు ఆధార్‌కు ఎక్కింది. పోర్టల్ పాస్‌వర్డు మార్చాం. మొదటి ఓటీపీ తన ఫోనుకే వచ్చినప్పుడు ఖాలా ఆ అంకెలను ఒక్కొక్కటీ గట్టిగా చదివింది. అంకెలు ఆమెకు బాగా వచ్చు, కొలతలు రాసేది ఆమే కదా. ఐదు పేజీల జవాబు నేనే రాశాను. పాత ఆడిటరుగారు ఒక్కసారి చూసి, ఒక్క కామా కూడా మార్చకుండా తిరిగి పంపారు. గడువులోపే దాన్ని పోర్టల్లో పెట్టేశాం.

ఆర్డరు వర్షం పడుతున్న ఒక మధ్యాహ్నం వచ్చింది. రెండు పేజీలు. కేసు తెరవడానికి తగిన కారణం కనిపించలేదని, ఇంతటితో ముగిస్తున్నామని రాసి ఉంది. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. బెంచీ మీద కూర్చున్న వాళ్లకు కూడా చదివి వినిపించాను. వాళ్లకు అర్థమైందో లేదో గానీ అందరూ నవ్వు ముఖాలు పెట్టారు. ఆ కాగితం పట్టుకుని, తడుస్తూనే ఆటో ఎక్కి ఉప్పుగూడ వెళ్లాను. ఫోను చేసి చెప్పొచ్చు. చెప్పాలనిపించలేదు, చూపించాలనిపించింది.

ఖాలా దూది మధ్యలో కూర్చుని ఉంది. కాగితం తీసుకుని కళ్లకు అద్దుకుంది. "ఇగ ఎవరూ రారు కదా?" అని అడిగింది. రారన్నాను. అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లూ భయం లేదన్న మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన దూది మీదే కూర్చుండిపోయాను.

ఆ ఏడాది పోయిన ముగ్గురికి బదులు ఉప్పుగూడ నుంచే ఇరవై మందికి పైగా కొత్తవాళ్లు వచ్చారు. నోటీసు అంటే పారిపోవాలనుకునే నేను, ఆ తర్వాత వచ్చిన నోటీసులను ముందు చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెట్టాను. అన్నిట్లో గెలవలేదు. కానీ ఏదీ చదవకుండా వెనక్కి పంపలేదు.

మొన్న ఒక పని మీద ఉప్పుగూడ వెళ్తే, స్టేషను దగ్గరి జిరాక్స్ షాపులో ఖాలా గొంతు వినిపించింది. వాళ్ల గల్లీ ఆడవాళ్లు నలుగురు గ్యాస్ కనెక్షన్ కోసం ఆధార్ నకళ్లు తీయిస్తున్నారు. ఖాలా కౌంటరు మీద చెయ్యి పెట్టి, షాపతన్ని కదలనివ్వడం లేదు.

"గట్లనే ఇయ్యకు భాయ్. ప్రతి కాయితం మీద అడ్డం గీత కొట్టి, గ్యాసు కోసమే అని రాయి. తారీఖు గుడ ఎయ్యి. రాసినంకనే పైసలు."

అతను నాలుగు కాగితాల మీదా రాశాడు. ఆమె ఒక్కొక్కటీ వెలుగుకు పెట్టి, గీత సరిగ్గా పడిందో లేదో చూసి, ఎవరిది వాళ్లకు ఇచ్చింది.