అమ్మ కాలి మీద పెన్ను గీత

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. చలికాలం మా డుంబ్రిగుడ కొండల్లో పొయ్యి వదిలి ఎవరూ కదలరు. ఆ సాయంత్రం అమ్మా నేనూ కాళ్ళు చాపుకుని చలి కాచుకుంటున్నాం.

"ఏటే గుంటా, ఏదో కాల్తన్న వాసనొత్తంది?" అంది అమ్మ.

నలభై ఏళ్ళొచ్చినా నేనింకా ఆవిడకి గుంటనే, చిన్నపిల్లనే. కుండ చూశాను, దుప్పటి చూశాను. తర్వాత అమ్మ కాలు చూశాను. రెండు వేళ్ళు నిప్పుకి ఆనుకుని ఉన్నాయి. కాల్తున్నవి అవే! కెవ్వుమని అరిచింది నేను. అమ్మ నన్ను వింతగా చూసింది.

అమ్మకి సుగరుందని పాడేరు ఆసుపత్రిలో రక్తం చూసి ఎప్పుడో చెప్పారు. తీపి మానేస్తే చాలనుకున్నాం. కాళ్ళకి స్పర్శ పోతుందని ఎవరికి తెలుసు? కాలిన చోట పసుపూ ఆకు పసరూ పూసుకుని, ఉత్త కాళ్ళతో సంతకి పోయింది మహాతల్లి. వద్దంటే వింటుందా?

"నొప్పి నేదు గదే! ఊరికే గోల సేత్తన్నావు" అని నన్నే కసిరింది. మా దగ్గర అందరం అంతే. పనికి పోగలిగితే బాగున్నట్టే లెక్క.

వేళ్ళు నల్లబడి వాసనేశాక జీపెక్కించి పాడేరు తీసుకెళ్ళాను. బేగి విశాఖ పొమ్మన్నారు, కాలు తియ్యాల్సి రావచ్చన్నారు.

"కాలు నేకపోతే కాఫీ తోటకి ఎలాగెక్కుతాను? మంచమ్మీద కూకోబెట్టి మేపుతావేటి? ఇంటికి పోదాం పద" అంది అమ్మ. బలవంతంగా బస్సెక్కించాను. ఘాట్ రోడ్డంతా నా చెయ్యి వదల్లేదు. తిట్టడం కూడా మానేసింది. నాకు అదే ఎక్కువ భయమేసింది.

విశాఖలో డాక్టరమ్మ అమ్మ పాదం మీద వేళ్ళు నొక్కి చూసింది. "నాడి అందుతోంది. పాదం దాకా రక్తం వస్తోంది కాబట్టి కాలు నిలబెట్టడానికే చూద్దాం. చచ్చిన వేళ్ళు తీసి కుళ్ళు శుభ్రం చేస్తాం. చీము పైకి పాకితే మాత్రం, ప్రాణం కోసం మోకాలి కింద తియ్యాల్సిందే" అంది. ఆపరేషన్ చేశాక, కాలి మీద ఎరుపు ఎంతవరకుందో అక్కడ పెన్నుతో గీత గీసి, దాటితే చెప్పమంది.

ఆ గీత నా పాలిట యముడైపోయింది. చెరిగిపోతుందేమోనని తడిగుడ్డ అటు పోనిచ్చేదాన్ని కాదు. నర్సు కట్టు విప్పబోతే చాలు, ముందు నేనే వంగి గీత చూసేదాన్ని. ఒక పొద్దున ఎరుపు గీత దాటినట్టే కనిపించింది. వరండాలో అరుస్తూ పరిగెత్తాను. డాక్టరమ్మ వచ్చి, వంగి చూసి, "అంతా నీ భయం. వెనక్కే తగ్గింది" అంది. అక్కడే నేల మీద కూలబడి భోరుమన్నాను.

రెండు వేళ్ళు పోయాయి. కాలు దక్కింది.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. రోజూ అరికాళ్ళు చూసుకోవాలి, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి, పొయ్యికి దూరంగా కూర్చోవాలి, సుగరు మాత్రలు మానకూడదు. అన్నిటికీ అమ్మ బుద్ధిగా తలూపుతుంటే నాకు నవ్వాగలేదు.

"నవ్వడం కాదు, తల్లికుంటే నీకూ రావచ్చు. చెప్పులు విప్పి మంచమ్మీద కూర్చో. కళ్ళు మూసుకుని, నీ పాదం తాకినప్పుడల్లా ఊఁ అను" అంది డాక్టరమ్మ.

నవ్వుతూనే మూసుకున్నాను. ఎంతసేపటికీ తాకదే!

"తాకండి డాక్టరమ్మా" అన్నాను.

కళ్ళు తెరిచాను. డాక్టరమ్మ చేతిలోని సన్నటి దారం లాంటి తీగ నా బొటనవేలి కింద నొక్కుకుని వంగి ఉంది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆ వేలినే చూస్తోంది.