మేం చూడని రీలు

మొన్న మిర్యాలగూడలో మా చెల్లెలింట్లో కూర్చుని ఉంటే టీవీలో ఒక పాత ఇంగ్లీషు సినిమా వచ్చింది. పందెపు గుర్రం, దాని యజమాని కథ. మొదటి పరుగు చూడగానే గుర్తుపట్టాను, చిన్నప్పుడు సూర్యాపేటలో మా నాయినతో కలిసి చూసిందే! సంబరంగా అందరినీ పిలిచి కూర్చోబెట్టాను. తీరా గుర్రం పడి కాలు విరగ్గొట్టుకున్నాక, అప్పట్లో మేం చూడని ముక్క ఒకటి వచ్చింది. డాక్టరు సూది వేశాడు, యజమాని దాని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు, గుర్రం చచ్చిపోయింది. చివర్లో పందెం గెలిచింది దానికి పుట్టిన పిల్లట. ఏమైందక్కా అని చెల్లెలు అడిగింది. మా ఇంట్లో ఆ సంగతి జరిగేనాటికి తను పుట్టనే లేదు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సినిమా పొడుగైతే చివ్వెంల వైపు పల్లెల వాళ్లకు ఆఖరి బస్సు అందాలని మొదటి ఆటలో ఒక రీలు ఎగరగొట్టేవారు. అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవారు కాదు, ఏ పాటో పోయిందిలే అనుకునేవాళ్లం. అందుకే మేం చూసిన దాంట్లో పడ్డ గుర్రం మరుక్షణమే లేచి పరుగెత్తింది, నుదుట అదే తెల్లమచ్చతో. యజమాని జుట్టు నెరిసి కనబడితే, పాపం బెంగతో నెరిసిందనుకున్నాం. ఇంగ్లీషు మాకెక్కడ అర్థమయింది గనక!

నాయిన జట్కా తోలేవాడు. మా గుర్రాన్నీ నన్నూ ఒకే మాటతో పిలిచేవాడు, బిడ్డా అని, పిలిస్తే ఇద్దరం తలెత్తేవాళ్లం. ఆ ఏడాదే వానలో కోదాడ రోడ్డు మీద జారిపడి గుర్రం ముందుకాలు విరిగింది. పశువుల డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇగ లాభం లేదు. సూది ఏస్త, బాధ లేకుండ పోతది" అన్నాడు.

నాయిన ఆయన చేతులు పట్టుకున్నాడు. "సినిమాల లేసింది సారూ! ఉరికింది గూడ, కండ్లార సూసిన. మా బిడ్డనడుగు, సదువుకునే పిల్ల, అబద్ధమాడదు."

డాక్టరు నా వంక చూశాడు. అవును సారూ, ఉరికింది అన్నాను. నేనే అన్నాను, ఇంకెవరో కాదు. ఆయన సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజులు. వెదురు బద్దలతో కట్టు కట్టి, కడుపు కింద గోనెపట్టాలు వేసి, కొట్టం దూలానికి వేలాడదీసి దాన్ని నిలబెట్టాడు నాయిన. గోనె ఒరుసుకుని తోలు ఊడివచ్చింది. గడ్డి ముట్టలేదు, వణుకుతూ మమ్మల్నే చూస్తూ ఉండేది. "ఇడిసిపెట్టయ్యా, నేను సూడలేను" అని అమ్మ కాళ్లావేళ్లా పడితే ఆయన వినలేదు, నేను విననివ్వలేదు. బడి నుంచి రాగానే, లేస్తది నాయినా, సినిమాల లేవలేదా అని ధైర్యం చెప్పేదాన్ని. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆ గోనెల్లోనే తల వాల్చేసింది.

నాయిన మళ్లీ కళ్లెం పట్టలేదు, రైసుమిల్లులో బస్తాలు మోశాడు. "ఆ సినిమాల ఆయన చేతిల బతికింది, నా చేతిల సచ్చింది. నా కట్టులనే ఏదో తప్పున్నది" అనేవాడు. పోయేదాకా అదే మాట.

ఇప్పుడు జట్కాలు లేవు, ఆ హాలూ లేదు. ఏ సినిమా అయినా ఇంట్లోనే మొత్తం చూడొచ్చు, అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకుని మళ్లీ చూడొచ్చు, ఎవరి బస్సూ తప్పిపోదు. ఎంత సుఖమో! కానీ ఆయన చేతిల గూడ బతకలేదు నాయినా. ఈ ఒక్క మాట నీ చెవిన వేయమని నేనిప్పుడు ఎవరిని బతిమాలాలి?