బాబాయిగారికి చెవినైన రోజులు

నిన్న గోల్ బజార్‌లో చెప్పులు కుట్టే దుకాణం ముందు ఆగిపోయాను. నూనె పట్టించిన తోలు వాసన. కొనేదేమీ లేకపోయినా కాసేపు అక్కడే నిలబడ్డాను. నాకు ఆ వాసనంటే అప్పారావు బాబాయిగారే.

వరంగల్ నుంచి బ్యాంకు బదిలీ మీద బిలాస్‌పుర్ వచ్చి, తార్‌బహార్‌లో ఆయన మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. విడాకులై అప్పటికి ఏడాది. పగలంతా హిందీ, గదికొస్తే మౌనం. ఒక ఆదివారం కింది నుంచి సన్నాయికీ ఏడుపుకీ మధ్యస్థంగా ఏదో ధ్వని వినిపించింది. దిగి చూస్తే, లోకో షెడ్‌లో ఫిట్టరుగా రిటైరైన ఆ పెద్దాయన ఒళ్ళో తోలు సంచీ, గొట్టాలూ పెట్టుకుని కూర్చున్నారు.

"ఇదేంది బాబాయిగారూ?"

"ఐర్లండోళ్ళ బాజా. ఇల్లెన్ పైప్స్ అంటారు. నోటితో ఊదక్కర్లేదు, మోచేత్తోనే ఊదాల. నేర్సుకుంటావేటమ్మా?"

సాయంత్రాలు గడవాలి కదా, సరేనన్నాను.

ఆ వాద్యం ఆయనతో పనిచేసిన ఒక ఆంగ్లో ఇండియన్ గార్డుది. ఏళ్ళ తరబడి నేర్పి, తన వేళ్ళు వణకడం మొదలయ్యాక ఇచ్చేశారట. కుడి మోచేయి కింద చిన్న కొలిమితిత్తి, ఎడమ మోచేయి కింద గాలి సంచీ. పాట ఒక గొట్టంలో పలుకుతుంది, మరో మూడు గొట్టాలు ఆగకుండా శ్రుతి పట్టుకుంటాయి. రెండు నెలల దాకా నాకు పాట ఊసే లేదు. "సంచీని పిండీకు. చంటిబిడ్డనెత్తుకున్నట్టు పట్టుకో" అనేవారు. నేనెప్పుడూ ఎత్తుకోలేదని చెప్పలేదు.

తర్వాత శ్రుతి. గొట్టాన్ని వెంట్రుకవాసి జరపాలి. తేడా ఉన్నంతసేపూ ధ్వని వణుకుతుంది. కుదిరిన క్షణంలో వణుకు ఆగి మూడూ ఒక్కటైపోతాయి. "కలిసిందా?" అని ప్రతిసారీ అడిగేవారు. నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను. ఒకరోజు నేను నోరు విప్పకముందే, వణుకు అలాగే ఉండగా ఆయన వాయించడం మొదలుపెట్టారు. అప్పుడు తెలిసింది.

"ఇంజన్లు తినీసేయమ్మా నా చెవులు," అన్నారు తల దించుకుని. "అందుకే నిన్ను పిలిసేను."

నొచ్చుకోవాలో సంతోషించాలో తెలియలేదు. ఆ ఊళ్ళో నాతో అవసరం పడ్డ మనిషి ఆయనొక్కరే.

మే నెలలో ఆ గార్డు చనిపోయారు. చర్చిలో శవపేటిక పక్కన వాయించాలని బాబాయిగారు పట్టుబట్టారు. ఆ ఎండకి గొట్టాల్లో గాలికి పలికే రెల్లు నాలుకలు ఎండిపోయాయి. అరగంట తిప్పినా శ్రుతి కుదరలేదు. అందరూ మాకేసే చూస్తున్నారు.

"కలిసిందా తల్లీ?"

"కలిసింది," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని పాటంతా వాయించారు. వణుకు చివరిదాకా ఉంది. వెనక వరసలో ఎవరో నవ్వాపుకున్నారు. గార్డు భార్య నేలచూపులు చూస్తూ కూర్చుంది. ఆటోలో తిరిగొస్తూ, "ఆయన వినుంటే సంతోషించీవోరు," అన్నారు బాబాయిగారు.

నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయిదో రోజు దిగి వెళ్ళి చెప్పేశాను.

"అప్పుడే చెప్పీసుంటే మానీసేవోడిని. రెండు మాటలు మాటాడి కూకునీవోడిని కదమ్మా."

అంతే. మూడు వారాలు కింది తలుపు నాకోసం తెరుచుకోలేదు. ఆ తలుపు దాటి మెట్లెక్కుతున్నప్పుడల్లా, లోపల శ్రుతి గొట్టాలు మోగి ఆగి, మళ్ళీ మోగడం వినిపించేది. ఒక సాయంత్రం ఆయనే పెట్టె మోసుకుని మెట్లెక్కి వచ్చారు.

"గొట్టం చెక్క మీద వేలేస్తే వణుకు తెలుస్తందమ్మా. ఇన్నాళ్ళూ అదే సాధన చేసేను."

ఇక నా చెవితో ఆయనకు పనిలేదు. నేను నిలబడే ఉన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, సంచీ నా చేతిలో పెట్టారు. "ఊఁ, వాయించు," అన్నారు.

ఆయన పోయి రెండేళ్ళు. పెట్టె నాకే ఇచ్చారు. రెండు పాటలు వచ్చు, అవీ తడబడుతూ. మొహమాటానికి "బాగుంది" అనడం మాత్రం ఇప్పుడు నా వల్ల కావడం లేదు. మొన్న బ్యాంకులో నాకున్న ఒక్క స్నేహితురాలు తను రాసిన హిందీ కవిత చూపించి ఎలా ఉందని అడిగింది. కుదరలేదని చెప్పాను. అప్పటి నుంచి నాతో టీకి రావడం లేదు. ఒక్కదాన్నే తాగుతున్నాను. ఆమె ఆ కవితను నలుగురి ముందు చదవడానికి ఇంకా వారం గడువుంది.